కండక్టరమ్మ కాలు, ఏడున్నర సీరియల్

మేడ్చల్ బస్ డిపో వెనక గల్లీలో ఎవరూ అలారం గడియారాలు కొనరు. పొద్దున ఐదింటికి మొదటి బస్సు గురగురమంటుంది, ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా లేస్తాయి. అందరికంటే ముందు బాలనర్సమ్మ లేస్తుంది. వాకిలి ఊడ్చి, చాయ్ పెట్టి, ఒక గ్లాసు తాను తాగి, రెండో గ్లాసు కోడలి మంచం పక్కన పెట్టి, "లేస్తవా, ఇంకా నీ కాలుతోటి పంచాయితీ తెగలేదా?" అని అడుగుతుంది. ఆ ఏడు వేసవి నుంచీ రోజూ ఇదే ప్రశ్న.

కోడలు పద్మలత లేచేది గాని, ఆమె ఎడమ కాలు లేచేది కాదు. ఇనుప మంచం మీద దాన్ని రెండు చేతులతో ఎత్తి కిందికి దించుకోవాలి. అది ఇంటికొచ్చిన చుట్టంలా తన పని తాను చేసుకోవడం మానేసింది.

పద్మలత ఆర్టీసీలో కండక్టర్. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని టికెట్లు కొట్టే ఆడవాళ్ళు ఆ డిపోలో ఐదుగురే ఉండేవాళ్ళు. వాళ్ళలో పద్మలత గొంతు పెద్దది. ఆమె "రైట్ రైట్" అంటే ముందు సీట్లో డ్రైవరే కాదు, పక్కన పోతున్న ఆటోవాడు కూడా బండి కదిలించేవాడు. ఏప్రిల్‌లో ఒకరోజు శామీర్‌పేట దగ్గర ఎవరో పెద్దాయన సద్ది గిన్నె బస్సులో మరిచిపోయి దిగిపోయాడు. ఇద్దామని పద్మలత ఫుట్‌బోర్డు మీంచి ఒక్క దూకు దూకింది. పాదం గుంతలో ఇరుక్కుంది, ఒళ్ళు ముందుకు పోయింది, మోకాలు మధ్యలో మెలితిరిగింది. లోపల టప్పుమని ఏదో తెగిన చప్పుడు ఆమెకే వినిపించింది. గిన్నెలో మజ్జిగన్నం మాత్రం ఒలకలేదు.

సిటీలో పెద్ద డాక్టర్లు చూసి మోకాలి లోపలి లిగమెంటు పూర్తిగా తెగిపోయిందన్నారు. జూన్‌లో ఆపరేషన్ చేశారు. తొడ వెనక నుంచి సన్నటి నరంలాంటిది కోసి, దాన్ని మడిచి, మోకాల్లో కొత్త లిగమెంటుగా బిగించారు. ఇంటికి పంపుతూ, "మా పని అయిపోయింది. ఇక మీ పని," అన్నారు.

ఆమె పని కష్టమైనదే. పద్మలత ఇంకా పర్మనెంటు కాలేదు. దసరా పోయిన మరుసటి వారం దాకా సెలవిచ్చారు. ఆ వారం చివర శనివారం పొద్దున ఇన్‌స్పెక్టర్ ముందు ఆమె మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా, అరగంట, నిండు బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టాలి. నిలబడితే ఉద్యోగం ఉంటుంది. మోకాలు మడతపడితే బండికి పనికిరాదని రాసేస్తారు.

పదింటికి ఫిజియో శ్రీలేఖ వచ్చేది. తెనాలి నుంచి వచ్చి దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న బ్యాంకు ఉద్యోగి కూతురు. షేర్ ఆటోలో ఐదుగురి మధ్య ఇరుక్కుని వచ్చి దిగేది. మొదటి రోజు ఒళ్ళో మెషీను పెట్టుకుని వచ్చింది. టిఫిన్ క్యారియర్ అంత మెషీను. దానికి రెండు మీటలు, నాలుగు వైర్లు, వైర్ల చివర నల్లటి రబ్బరు బిళ్ళలు. బిళ్ళలకి చల్లటి జెల్లీ పూసి, తొడ మీద పెట్టి, పట్టీలు కట్టి మీట తిప్పితే పది సెకండ్లు కరెంటు వచ్చేది, పది సెకండ్లు ఆగేది. కరెంటు వచ్చినప్పుడల్లా నిద్రపోతున్న కండ ఉలిక్కిపడి గట్టిపడేది. ఆగగానే మళ్ళీ మెత్తబడి పడుకునేది.

"మెషీను బిగించినప్పుడు మీరు కూడా బిగించాలండీ, పద్మలతగారూ," అనేది శ్రీలేఖ. "అది లేపుతుంది అంతే. లేచాక పట్టుకోవాల్సింది మీరు. ఊరికే చూస్తూ పడుకుంటే ఏళ్ళకేళ్ళు పెట్టినా లాభం లేదు."

"బిగిస్తే కొత్తది తెగితే ఎట్ల మేడం?"

"తెగదండీ."

"పాతది గూడ తెగదనే అనుకున్న."

శ్రీలేఖ మీట కట్టేసి పట్టీలు విప్పేది. బ్యాగులోంచి దర్జీ టేపు తీసి రెండు తొడలూ కొలిచేది. కుడిది నలభై ఆరు సెంటీమీటర్లు, ఎడమది నలభై ఒకటి. ప్రతి సోమవారం కొలిచేది. ప్రతి సోమవారం అదే నలభై ఒకటి. సాయంత్రం ఇంకోసారి పెట్టుకోమని మెషీను వాళ్ళింట్లోనే ఉంచేసింది.

రెండు వేల రెండులో వానలు మొహం చాటేశాయి. చెరువులు ఎండాయి, కరెంటు కోతలు పెరిగాయి. మేడ్చల్ వంతు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. ఆ వంతు ఎవరు నిర్ణయించారో గాని ఆయనకి ఏడున్నర సీరియల్ సంగతి తెలియదనుకోవాలి. ఏ రోజైనా కోత కాస్త ఆలస్యమైతే సగం సీరియల్ దొరికేది, లేకపోతే అదీ లేదు. బాలనర్సమ్మ రెండేళ్ళుగా ఆ సీరియల్ చూస్తోంది. దానికోసం సొంత మరిది కూతురి నిశ్చితార్థం నుంచి అన్నం తినకుండా వచ్చేసిన మనిషి.

ఆగస్టులో ఒక సాయంత్రం కోత ఆలస్యమైంది. సీరియల్ మొదలైంది. పద్మలత మంచం మీద, తొడకి బిళ్ళలు. కింద చాప మీద బాలనర్సమ్మ. టీవీ, బల్బు, మెషీను, మూడూ ఒకే జంక్షన్ బాక్సుకి ఉన్నాయి. తెర మీద పెద్దకోడలు ఇనుప బీరువా దగ్గరికి వెళ్ళింది. పన్నెండేళ్ళ కింద మామగారు రాసిన ఉత్తరం అందులో ఉంది. బీరువా తలుపు మీద చెయ్యి వేసింది. కరెంటు పోయింది.

చీకట్లో పద్మలతకి ఒళ్ళు మండింది. ఆ బీరువా ఎప్పుడు తెరుస్తారా అని ఆమె కూడా మూడు వారాలుగా చూస్తోంది. పళ్ళు బిగించింది, పిడికిళ్ళు బిగించింది, వాటితో పాటు తనకి తెలియకుండానే తొడ కూడా బిగించింది. టీవీ వెలిగింది. బల్బు వెలిగింది. పెద్దకోడలు బీరువా తెరిచి ఉత్తరం చేతిలోకి తీసుకుంది. పద్మలత ఊపిరి వదిలింది, తొడ వదులైంది, అన్నీ ఆరిపోయాయి.

బాలనర్సమ్మ చీకట్లోనే టీవీ ఉన్న వైపు చూసింది, తర్వాత కోడలు ఉన్న వైపు చూసింది.

"మళ్ల బిగవట్టు," అంది.

పద్మలత మళ్ళీ బిగించింది. ఈసారి కావాలనే. పది లెక్కపెట్టే దాకా పట్టింది.

మర్నాడు ఏడింటికల్లా పక్కింటి లక్ష్మమ్మ పీట తెచ్చుకుని వచ్చింది. ఆ మర్నాడు ఏడుగురు వచ్చారు. వారం తిరిగేసరికి గల్లీలో చాపలున్న వాళ్ళందరూ పద్మలత ఇంట్లోనూ, లేనివాళ్ళు కిటికీ బయటా కూర్చున్నారు. పద్మలత మొగుడు రాఘవేందర్ జీడిమెట్లలో ఫిట్టరు. డ్యూటీ నుంచి వచ్చి భార్య కాలినీ వైర్లనీ ఒకసారి పరీక్షగా చూసి, మర్నాడు ఇంకో జంక్షన్ బాక్సు తెచ్చి బిగించాడు. దాంతో లక్ష్మమ్మ ఇంట్లో టేబుల్ ఫ్యానుకీ, ఎదురింట్లో ఒక బల్బుకీ కూడా వైర్లు వెళ్ళాయి.

ఇబ్బంది ఒక్కటే. పద్మలత పది సెకండ్లు బిగిస్తే పది సెకండ్లు ఆగాలి. కాబట్టి సీరియల్ కూడా పది సెకండ్లు వచ్చి పది సెకండ్లు ఆగేది. తెర మీద పెద్దకోడలు "ఈ ఉత్తరాన్ని ఇన్నాళ్ళూ దాచింది..." అనగానే చీకటి.

"మరిది దాచిండు," అనేది లక్ష్మమ్మ చీకట్లో.

"మరిదికి గంత తెలివి యాడిది? ఆడిబిడ్డ దాచింది," అనేది బాలనర్సమ్మ.

"ఆడిబిడ్డ మంచిదే పాపం."

"మంచిదైతే గన్ని గాజులెందుకేసుకుంటది?"

మళ్ళీ వెలుతురు వచ్చేసరికి తెర మీద అందరూ ఏడుస్తూ ఉండేవాళ్ళు. ఎందుకేడుస్తున్నారో తెలుసుకోడానికి ఇంకో పది సెకండ్లు పట్టేది. "జర ఒక్క మాట దాక వదలకు బిడ్డా," అని అటునుంచి బతిమాలేవాళ్ళు, "ఊపిరి బిగవట్టకు, తొడ బిగవట్టు," అని ఇటునుంచి సలహా ఇచ్చేవాళ్ళు. పద్మలత నవ్వితే బొమ్మ వణికేది. నవ్వించొద్దని లక్ష్మమ్మ అందరినీ కసిరేది.

ఇంతమంది మొహాలు చూస్తూ మధ్యలో వదిలెయ్యడం ఏ మనిషికైనా కష్టమే. పది సెకండ్లు ఇరవై అయ్యాయి. ఇరవై నిమిషమైంది. సెప్టెంబరు నాటికి ఒక సీను మొత్తం పట్టేది. ప్రకటనలు వచ్చినప్పుడు వదిలి, మంచినీళ్ళు తాగి, సీను మొదలవగానే మళ్ళీ పట్టేది. సబ్బులవాళ్ళూ టూత్‌పేస్టులవాళ్ళూ ఎంత ఖర్చు పెట్టుకున్నా ఆ గల్లీలో వాళ్ళ మాట విన్నవాడు లేడు.

సోమవారం టేపు నలభై మూడు చూపించింది. శ్రీలేఖ నమ్మలేక రెండోసారి కొలిచింది.

"ఇంట్లో ఏం చేస్తున్నారండీ?"

"సీరియల్ చూస్తున్నం మేడం."

"అది కాదండీ, కాలికి ఏం చేస్తున్నారు అని."

"అదే మేడం. మొన్న శుక్రారం పెండ్లి సీను మొత్తం పట్టిన. తాళి కట్టేకాడ జర వణికింది, గంతే."

శ్రీలేఖ ఒక సాయంత్రం ఆగి చూసింది. పద్మలత మోకాలి చిప్ప పైన కండ ఎలా ఉబ్బుతోందో వేలు పెట్టి చూసి సంతోషించింది. తన ఫైల్లో 'ఇంటి వద్ద వ్యాయామం: సీరియల్, వారానికి ఐదు రోజులు' అని రాసుకుంది. ఆలస్యమైనందుకు వాళ్ళ నాన్న ఏమంటాడో అని కంగారుపడింది గాని, ప్రకటనల దాకా ఉండి వెళ్ళింది.

కోతలో కూడా వెలుగుతున్న గల్లీ అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. లైన్‌మన్ యాదగిరి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. స్తంభాలన్నీ ఎక్కి దిగాడు. ఎక్కడా దొంగ కొక్కెం దొరకలేదు. చివరికి వైరు పట్టుకుని వైరు వెంటే నడిచి, మంచం దగ్గర తేలాడు.

"గిది ఎవల కాలు?"

"నాదే అన్నా."

యాదగిరి వంగి చూశాడు. టీవీ చూశాడు, ఫ్యాను చూశాడు, గోడ మీద బల్బు చూశాడు. "ఒక్క కాలి మీద గింత లోడు ఏస్తరా? ఎవడు జెప్పిండు మీకు? జరంత ఎక్కువైతే కాలు గరమైతది," అని రాఘవేందర్ మీద కోప్పడ్డాడు. మర్నాడు తనే ఒక పింగాణీ ఫ్యూజు తెచ్చి మంచం కోడుకి కట్టి వెళ్ళాడు. వెళ్ళాడంటే వెళ్ళలేదు. సీరియల్ అయ్యాక వెళ్ళాడు. ఆ తర్వాత ఆ గల్లీలో రోజూ సాయంత్రం ఏదో ఒక రిపేరు ఉండేది.

అక్టోబరులో టేపు నలభై ఆరు చూపించింది. రెండు తొడలూ సమానం. శ్రీలేఖ ఆనందంగా పద్మలతని వాకిట్లోకి తీసుకెళ్ళి, బస్సు ఫుట్‌బోర్డంత ఎత్తున్న చెక్కపెట్టె ముందు నిలబెట్టింది. "ఎడమ కాలు పైన పెట్టి ఎక్కండి," అంది. పద్మలత పాదం పెట్టింది, బరువు వేసింది, మోకాలు మడతపడింది. శ్రీలేఖ పట్టుకోకపోతే పడిపోయేది. మళ్ళీ చేశారు, మళ్ళీ అంతే. మూడోసారికి పద్మలత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కండ వచ్చింది. బలం రాలేదు. ఎందుకో అర్థం కావడం లేదండీ," అంది శ్రీలేఖ. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు. ఆ పూట ఆటోలో దుండిగల్ దాకా అదే ఆలోచించుకుంటూ వెళ్ళి, దిగాల్సిన చోట దిగడం మరిచిపోయింది.

ఆ తర్వాత దసరా వచ్చింది. డిపోలో బస్సులన్నిటికీ బంతిపూల దండలు కట్టారు. రాఘవేందర్ తన పానాలూ సుత్తెలూ కడిగి వరసగా పెట్టాడు. ఆయుధపూజ రోజు పనిముట్టుతో పని చేయించకూడదు, బొట్టు పెట్టి కూర్చోబెట్టాలి. బాలనర్సమ్మ పళ్ళెంలో పసుపూ కుంకుమా పట్టుకుని ఇల్లంతా తిరిగింది. రోలుకి పెట్టింది, కత్తిపీటకి పెట్టింది, టీవీకి పెట్టింది, శ్రీలేఖ మెషీనుకి పెట్టింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేస్తున్న పనిముట్టు ఏదా అని ఒక్క క్షణం ఆలోచించి, కోడలి మోకాలికి కూడా పసుపు రాసి బొట్టు పెట్టి, ఒక బంతిపువ్వు దారంతో కట్టింది.

"ఇయ్యాల గీ కాలుకు సెలవు," అని వైర్లు పీకి చుట్టేసింది. ఆ సాయంత్రం కోత సమయమంతా గల్లీ చీకట్లోనే ఉంది. పండగ కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు పదింటికి శ్రీలేఖ వచ్చేసరికి పద్మలత చెక్కపెట్టె మీద నిలబడి, అటక మీంచి పచ్చడి జాడీ దించుతోంది.

"ఎలా ఎక్కారు?"

పద్మలత కిందికి చూసుకుంది. ఎలా ఎక్కిందో ఆమెకీ గుర్తులేదు. దిగి, మళ్ళీ ఎడమ కాలితోనే ఎక్కింది. వరసగా పదిసార్లు ఎక్కి దిగింది. ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వారు. ఆ సాయంత్రం మామూలుగా సీరియల్ నడిచింది. తెల్లారి పెట్టె ఎక్కబోతే మోకాలు మడతపడింది.

శ్రీలేఖ మెట్టు మీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఒక సాయంత్రం వైర్లు పెట్టించి, ఒక సాయంత్రం తీయించి చూసింది. తర్వాత అత్తాకోడళ్ళని కూర్చోబెట్టి చెప్పింది.

"రాత్రి బయటికి పోయిన బలం పొద్దున కాలికి దొరకడం లేదండీ. ఫ్యాన్లూ బల్బులూ తీసేయండి. సీరియల్ కూడా మానేస్తే మంచిది. ఆ అరగంట కాల్లోనే ఉంటే మీ పరీక్షకి సరిగ్గా సరిపోతుంది."

ఫ్యాన్లూ బల్బులూ ఆ రోజే తీసేశారు. సీరియల్ దగ్గరే చిక్కొచ్చింది. వచ్చే శుక్రవారంతో అది అయిపోతోంది. ఉత్తరం ఎవరు దాచారో ఆ రోజు తేలుతుంది. శనివారం పొద్దున పద్మలత పరీక్ష.

"శుక్రారం దాక్నే గద బిడ్డా," అంది లక్ష్మమ్మ. "రెండేండ్లు సూసి కొస సూడకపోతే మనిషికి నిద్ర పడతదా?"

"సరే తియ్యి పెద్దమ్మా," అంది పద్మలత.

ఆమె ఎందుకు ఒప్పుకుందో గల్లీ అనుకున్న కారణం వేరు. మంచి మనసు అనుకున్నారు. మంచి మనసు ఉంది, కాదనడానికి లేదు. బస్సులో రోజుకి వెయ్యిమంది ఆమెని చిల్లర కోసం కసిరేవాళ్ళు. ఇక్కడ ఇరవై మంది ఆమె ఊపిరితో పాటు ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. అది ఆమెకి చాలా బాగుంది. కానీ అసలు సంగతి భయం. కాలు టీవీకి కట్టేసి ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ బస్సెక్కమని అడగరు. శనివారం పడిపోతే సీరియల్ వల్ల పడిపోయానని చెప్పుకోవచ్చు. కొత్త లిగమెంటు మీద తనకి నమ్మకం లేదని ఎవరికీ చెప్పక్కర్లేదు.

 బాలనర్సమ్మ ఆ వారమంతా రోజూ ముందు వరసలో కూర్చుని సీరియల్ చూసింది. చూస్తూ చూస్తూ మధ్యలో కోడలి మొహం చూసేది.

శుక్రవారం వచ్చింది. యాదగిరి భార్యాబిడ్డలతో వచ్చాడు. లక్ష్మమ్మ మరమరాలు వేయించి తెచ్చింది. కిటికీ బయట జనం మూడు వరసలయ్యారు. ఏడింటికి కరెంటు పోయింది. పద్మలత బిళ్ళలు కట్టుకుని దిండుకి ఆనుకుంది. ఏడున్నరకి తొడ బిగించింది. టీవీ వెలిగింది. సీరియల్ పాట మొదలైంది.

బాలనర్సమ్మ చాప మీంచి లేచింది. మంచం దగ్గరికి వచ్చి, కోడలి తొడ మీద పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. బిళ్ళలు తీసి, జెల్లీ తన కొంగుతో తుడిచింది. గది చీకటైపోయింది.

"ఒదినె, ఏమైంది?" అంది లక్ష్మమ్మ.

"రేపు మా కోడలికి డ్యూటీ ఉంది," అంది బాలనర్సమ్మ.

 కాసేపటికి మరమరాల పొట్లం మడిచిన చప్పుడైంది. తర్వాత చాపలు చుట్టిన చప్పుడు. పోతూ పోతూ ఎవరో చీకట్లో పద్మలత తల నిమిరారు. లక్ష్మమ్మే అయ్యుంటుంది.

"అరగంటనే గదా అత్తమ్మా. పెట్టుండ్రి. రెండేండ్ల సంది చూస్తున్నరు," అంది పద్మలత.

"ఒక్కనాడు సూడకుంటె నా పానం పోదు."

 పద్మలత ఇన్నాళ్ళూ చెప్పని మాట చెప్పింది. "నాకు భయమైతాంది అత్తమ్మా."

"ఎందుకు గాదు. నాకు గూడ అయితాంది," అంది బాలనర్సమ్మ. "నువ్వు ఆ మంచం మీదనే ఉంటె ఇంకా ఎక్కువ భయమైతది. పండు ఇగ."

పద్మలత పడుకుంది. వాడకుండా మిగిలిపోయిన అరగంట తొడలో వెచ్చగా ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని, ఆపరేషన్ అయిన తర్వాత మొదటిసారి కలలు లేకుండా నిద్రపోయింది.

శనివారం తొమ్మిదింటి బస్సు కిక్కిరిసి ఉంది. ఇన్‌స్పెక్టర్ యజ్ఞనారాయణ గారు తెల్లచొక్కా, చేతిగడియారం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో డ్రైవరు వెనక నిలబడ్డారు. "పట్టుకోకూడదమ్మా. రెండు చేతులూ టికెట్లకే ఉండాలి. పడిపోతానని అనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా పట్టుకో, దెబ్బ తగిలించుకోకు," అని గడియారం చూసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పని అటువంటిది.

పద్మలత "రైట్ రైట్" అంది. గొంతు పాతదే. బస్సు కదిలింది.

మొదటి కుదుపుకే తొడ బిగుసుకుంది. రాత్రి దాచిన అరగంట బయల్దేరింది. గోనెసంచుల మధ్య, కాలేజీ బ్యాగుల మధ్య ఆమె నడుస్తోంది, టికెట్లు చింపుతోంది, చిల్లర ఇస్తోంది. బస్సు ఎటు ఊగితే కాలు అటు సర్దుకుంటోంది. కాల్లో సీరియల్ నడుస్తున్నట్టే ఉంది. కథ కనిపించలేదు, బిగువు మాత్రం తెలిసింది. ఇక్కడ ఎవరో తలుపు తీశారు, ఇక్కడ ఎవరో నిజం చెప్పబోయి ఆగారు అని తొడకి తెలుస్తోంది. ప్రకటనలు రావాల్సిన సమయానికి సరిగ్గా స్టేజీ వచ్చి బస్సు ఆగింది. ఒక నిమిషం కాలు ఊపిరి పీల్చుకుంది.

అంతా సరిగ్గా జరిగితే అరగంటలో శామీర్‌పేట వచ్చేది. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆ ఎండల్లో నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ పోతున్న మంద అది, రోడ్డంతా అదే. డ్రైవరు హారన్ కొట్టాడు. గొర్రెలు వినలేదు. ఐదు నిమిషాలు పోయాయి. పది నిమిషాలు పోయాయి. నిలబడ్డ బస్సులో నిలబడ్డ పద్మలతకి తొడలోని వెచ్చదనం తగ్గుతూ తగ్గుతూ, రోజూ టీవీ ఆరిపోయినట్టు టక్కున ఆరిపోవడం తెలిసింది. అరగంట అయిపోయింది.

చేతికి అందేంత దూరంలో ఇనుప కడ్డీ ఉంది. ఆమె దానివైపు చూసింది. యజ్ఞనారాయణ గారు ఆమెవైపు చూశారు. మంద దాటింది. డ్రైవరు గేరు మార్చి బస్సుని ఒక్కసారిగా ముందుకు ఉరికించాడు. నిలబడ్డవాళ్ళంతా వెనక్కి ఒరిగారు. పద్మలత మోకాలు మడతపడుతుందని కళ్ళు మూసుకుంది.

మడతపడలేదు. తొడ బిగుసుకునే ఉంది. మెషీను లేదు, దాచిన అరగంట లేదు, చూస్తూ కూర్చున్న జనం లేరు. ఆమె బిగించింది కాబట్టి బిగుసుకుంది. పద్మలత కళ్ళు తెరిచి, పక్కన తన మీద పడబోతున్న ఒక ముసలాయనని భుజం పట్టి నిలబెట్టి, "టికెట్ తీస్కున్నవా తాతా?" అని అడిగింది.

శామీర్‌పేటలో యజ్ఞనారాయణ గారు గడియారం చూసి, "నలభై రెండు నిమిషాలమ్మా," అన్నారు. ఫుట్‌బోర్డు మీద నిలబడే కాగితం మీద సంతకం చేశారు. "తిరుగు బండి నువ్వే చూసుకో. నేను కూర్చుంటాను, నాకు కాళ్ళు లాగుతున్నాయి."

ఆ రోజు ఆమె మూడు ట్రిప్పులు చేసింది. రెండో ట్రిప్పుకి మేడ్చల్ స్టాపులో జనం ఎక్కుతుంటే, వాళ్ళలో ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని బాలనర్సమ్మ కూడా ఎక్కింది. ముందు కోడలి మొహం చూసింది, తర్వాత కాలు చూసింది.  ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూర్చుంది.

పద్మలత టికెట్లు కొట్టుకుంటూ వచ్చింది. "యాడికి అత్తమ్మా?"

"నీ బండి యాడి దాక పోతదో గాడి దాక."

పద్మలత టికెట్ చింపి ఇచ్చింది. బాలనర్సమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. బస్సు డిపో దాటింది. శామీర్‌పేట వాళ్ళకి కోత పొద్దుటి పూట కాబట్టి, పక్క సీట్లోని ఆ ఊరి ఆమె రాత్రి సీరియల్ కొస గురించి వెనక సీటుకి చెబుతోంది. బాలనర్సమ్మ అటు తిరిగి, "ఇంతకీ ఉత్తరం ఎవలు దాచిన్రు బిడ్డా?" అని అడిగింది.

"నువ్వు సూడలేదా అవ్వా? మీ దిక్కు కరెంటు లేకుండెనా?"

బాలనర్సమ్మ కోడలి వైపు చూసింది. పద్మలత నడుస్తున్న బస్సు మధ్యలో, రెండు చేతుల్లో టికెట్లు పట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంది.

"కరెంటు ఉండె," అంది బాలనర్సమ్మ. "ఇంట్ల ఇంకో పనికి గావాల్సొచ్చింది."